అక్షరం మీద గెంతే బంతి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వేసవి సెలవుల్లో మీ ఇంటి పిల్లలు ఏం చూస్తున్నారో, ఏం పాడుతున్నారో రాయమని పోయిన నెల ఈ శీర్షికలో అడిగాను. వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటికి విషయం ఒక్కటే అయింది. మిక్కీ మౌస్, డొనాల్డ్ డక్ వంటి పాత కార్టూన్ బొమ్మలు పాడుతుంటే, తెర అడుగున పాట అక్షరాలు వరసగా కనిపించే వీడియోల గురించే అందరూ రాశారు. అవి కొందరికి ముద్దుగా ఉన్నాయి, కొందరికి బెంగ పెట్టాయి, ఒక ఇంట్లో శ్రుతి తగాదా కూడా తెచ్చాయి. అందుచేత ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చాను.

ప్రశ్న: మా అమ్మాయీ అల్లుడూ విశాఖలో ఉద్యోగాలు చేస్తున్నందువల్ల మనవడు నా దగ్గరే పెరుగుతున్నాడు. వాడికి రెండేళ్ల పది నెలలు. ఫోన్‌లో కార్టూన్ పాటలు పెడితేనే ముద్ద మింగుతాడు. ఇంగ్లీషు పాటలు మొదలు నుంచి చివరి దాకా అప్పజెబుతాడు గానీ దాహం వేస్తే నీళ్లు కావాలని అడగడు, నా చెయ్యి పట్టుకొని కుండ దగ్గరకు లాక్కుపోతాడు. పాటలన్నీ వచ్చిన పిల్లవాడికి మాట ఎందుకు రావడం లేదు? వీడియోలు పూర్తిగా మానిపించాలా?
(ఒక అమ్మమ్మ, కోట దగ్గర, విజయనగరం)

జవాబు: అమ్మా, పాట అప్పజెప్పడం వేరు, మాట ఆడడం వేరు. పాటలో తరువాతి మాట ఏమిటో ముందుగానే నిర్ణయమై ఉంటుంది, పిల్లవాడు దాని వెంట పోతే చాలు. నీళ్లు అడగాలంటే మాత్రం వాడే మాటను వెతుక్కోవాలి, ఎదుటి మనిషి ముఖం చూడాలి, జవాబు కోసం ఆగాలి. ఈ ఆగడాన్ని ఫోన్ నేర్పదు, ఎందుకంటే అది ఎవరి కోసమూ ఆగదు. 2003లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పసివాళ్లలో కొందరికి ఎదురుగా కూర్చున్న మనిషి చేత చైనా వారి మాండరిన్ మాటలు వినిపించి, మరికొందరికి అవే మాటలను తెర మీద చూపించింది. మనిషి దగ్గర విన్నవాళ్లు ఆ భాషలోని ధ్వనుల తేడాను పట్టుకోగలిగారు గానీ, తెర మీద చూసినవాళ్లు పట్టుకోలేకపోయారు. మీవాడు వాళ్లకంటే పెద్దవాడే అయినా, మాట మనిషి దగ్గరే అబ్బుతుందన్న సంగతి ఈ వయసుకూ వర్తిస్తుంది.

అయితే తప్పంతా వీడియో మీద వేసి, ఫోన్ దాచేసి ఊరుకోవద్దు. ముందు వాడికి వినికిడి పరీక్ష చేయించండి. మూడేళ్లు నిండబోతున్న పిల్లవాడు పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, కావలసిన వస్తువును వేలితో చూపకపోయినా, విన్నది విన్నట్టు అప్పజెప్పడమే తప్ప సొంతంగా రెండు మాటలు కలపకపోయినా పిల్లల వైద్యుడికి చూపించడంలో ఆలస్యం కూడదు. అంగన్‌వాడీ కేంద్రాలకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు వినికిడి లోపాలనూ, మాట ఆలస్యాన్నీ కూడా చూస్తాయి గనుక మీ వీధి అంగన్‌వాడీ కార్యకర్తను అడిగినా దారి చెబుతుంది. "మగపిల్లలకు మాట ఆలస్యంగా వస్తుందిలే" అని చుట్టాలు చెప్పే ఓదార్పును మాత్రం పక్కన పెట్టండి.

ఇక చూసే సమయం మాట. రెండేళ్లు నిండని పిల్లలకు తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదనీ, అంతకంటే తగ్గితే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంటలో భోజనం వేళ ఉండకూడదన్నది నా మాట. తెర చూస్తూ మింగే పిల్లవాడికి ఆకలీ తెలియదు, కడుపు నిండినదీ తెలియదు. ఒక్క రోజులో మానిపించబోతే ఇల్లు పీకి పందిరి వేస్తాడు. కాబట్టి మొదటి వారం రాత్రి భోజనం ఒక్కటే ఫోన్ లేకుండా పెట్టండి.

మిగిలిన వేళల్లో వీడియో పెట్టినప్పుడు మీరూ పక్కన కూర్చొని వాడితో కలిసి పాడండి. ఇంగ్లీషు రాదని మొహమాటపడనక్కరలేదు, రాగం తీస్తే చాలు. వాడికి బాగా వచ్చిన పాటలో ఒక పాదం చివరి మాట రాకముందే ఫోన్ ఆపి, వాడి ముఖంలోకి చూస్తూ ఊరుకోండి. ఆ ఖాళీని వాడు నోటితో పూరించాలి. పూరించగానే పాట మళ్లీ కదలాలి. నాలుగు రోజుల తరువాత ఇదే ఆటను ఫోన్ లేకుండా, మీకు వచ్చిన తెలుగు పాటతో ఆడండి. ఆ తరువాత నీళ్ల గ్లాసు చేతిలో పట్టుకొని, "నీ..." అని ఆగండి. వాడు "ళ్లు" అన్నా చాలు, వెంటనే గ్లాసు అందించండి.

ప్రశ్న: మా బడిలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఈ పాటల వీడియోలు చూపిస్తున్నాను. అక్షరాల మీద మిక్కీ తల గెంతుకుంటూ పోతుంటే పిల్లలు గొంతు కలుపుతున్నారు. ఈ పద్ధతిని కనిపెట్టింది డిస్నీయేనా? దీని వల్ల నిజంగా చదవడం వస్తుందా, లేక చదువుతున్నట్టు నటిస్తున్నారా? తెలుగు పాటలకు ఇలాంటిది చేసుకోవాలంటే మా బడిలో కంప్యూటరు లేదు.
(ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, టెక్కలి మండలం)

జవాబు: మీరు చూసిన మిక్కీ తలకు మూలం, పాడవలసిన అక్షరం మీదికల్లా గెంతుకుంటూ పోయే బంతి. ఆ గెంతే బంతి డిస్నీది కాదు. న్యూయార్క్‌లో కార్టూన్లు తీసిన మాక్స్ ఫ్లైషర్, ఆయన తమ్ముడు డేవ్ 1924లో దానిని వెండితెర మీదికి తెచ్చారు. తరువాతి రోజుల్లో బెటీ బూప్ అనే కార్టూన్ అమ్మాయిని పుట్టించినదీ, పాపాయ్ అనే నావికుణ్ణి తెర మీద నడిపించినదీ ఈ అన్నదమ్ములే. అప్పటికి మిక్కీ మౌస్ ఇంకా పుట్టనే లేదు. శబ్దంతో కూడిన అతని తొలి చిత్రం జనం ముందుకు వచ్చింది 1928 నవంబరు 18న. ఫ్లైషర్లకు ముందు కూడా, 1890ల నుంచీ, అమెరికా హాళ్లలో గాజు పలకల మీద పాటకు తగిన బొమ్మలు వేసి తెర మీద చూపించి, పల్లవి వచ్చేసరికి జనం చేత పాడించడం ఉండేది. కానీ అక్షరాలు నిలకడగా ఉంటే ఎవరు ఎక్కడ పాడుతున్నారో తెలియక గొంతులు చెదిరిపోయేవి. మాటను చూపడంతో సరిపోదు, ఆ మాట పలకవలసిన క్షణాన్ని కూడా చూపాలన్నదే బంతి వెనక ఉన్న తెలివి. డిస్నీ సంస్థ పాటల క్యాసెట్లు 1986లో మొదలయ్యాయి. బంతికి బదులు మిక్కీ తలను గెంతించిందీ, కొన్ని క్యాసెట్లలో పిట్టలకు పాఠం చెప్పే గుడ్లగూబ మాస్టారును కూర్చోబెట్టిందీ వాళ్లు.

మీకు పనికివచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఆ తొలి రోజుల్లో బంతి బొమ్మగా గీసినది కాదు. పొడవాటి కర్ర కొసకు తెల్లటి బంతి అమర్చి, ఒక మనిషి దానిని పాట నడకకు తగ్గట్టు అక్షరాల మీద ఆడిస్తుంటే కెమెరాతో తీసేవారు. నల్లటి వెనుకభాగంలో కర్ర, చెయ్యి కలిసిపోయి తెర మీద బంతీ అక్షరాలూ మాత్రమే మిగిలేవి. అంటే కంప్యూటరు లేని మీ బడిలో నల్లబల్ల ఉంటే సగం పని అయిపోయినట్టే. ఒక సన్నటి వెదురుపుల్ల కొసకు టేబుల్ టెన్నిస్ బంతి గుచ్చండి. పాటను నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో, పాదానికి ఒక వరుస చొప్పున రాయండి. బంతిని మొదటి వారం మీరు ఆడించి, ఆ తరువాత పిల్లలకు వంతుల వారీగా ఇవ్వండి. చదవడం వచ్చిందో, నటనో ఆ కర్ర తేల్చేస్తుంది. నోటితో పాడేవాడు చూడకుండా పాడగలడు గానీ, కర్ర పట్టుకున్నవాడు చూడకుండా ఆడించలేడు.

తెలుగుకు ఈ బంతి ఇంగ్లీషు కంటే బాగా అమరుతుందని నా నమ్మకం. ఇంగ్లీషులో ఒకే గెంతు కింద పలకని అక్షరాలు కూడా ఎన్నో దాక్కుంటాయి. మనకు ఒక అక్షరానికి ఒక గెంతు. అయితే ఒక మెలిక ఉంది. పిల్లలు ఆడే వీరి వీరి గుమ్మడిపండు ఆటలో "గుమ్మడిపండు" అన్న మాటను తీసుకోండి. గు, మ్మ, డి, పం, డు అని అక్షరాలు అయిదు, గెంతులు కూడా అయిదే. కానీ గెంతులన్నీ సమానం కావు. ఒత్తక్షరం ముందున్న "గు" గురువు, సున్న ఉన్న "పం" గురువు, మిగిలిన మూడూ లఘువులు. గురువు మీద బంతి రెండు మాత్రల సేపు గాలిలో ఉండాలి, లఘువు మీద ఒక మాత్ర మాత్రమే. మొత్తం ఏడు మాత్రలు, నాలుగూ మూడుగా విరుగుతాయి. కర్ర ఆడించే పిల్లకు ఛందస్సు పేరు కూడా తెలియనక్కరలేదు, రెండు రోజుల్లో ఆమె మణికట్టుకే తెలిసిపోతుంది. ఈ మూడు, నాలుగు మాత్రల కలయికతోనే గురజాడ విజయనగరంలో కూర్చొని ముత్యాల సరం నడకను కట్టుకున్నారు. మన జిల్లాల పిల్లలకు ఆ నడక పరాయిది కాదు. ఊళ్లో తప్పెటగుళ్లు చూసిన పిల్లవాడికి, ముందువాడు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు గుండెల మీది తప్పెట వాయిస్తూ ఎక్కడ అందుకోవాలో వేరే చెప్పాలా?

చదవడం వస్తుందా అన్నదానికి మన దేశంలోనే జరిగిన ప్రయత్నం ఒకటి ఉంది. పాట ఏ భాషలో ఉంటే అడుగున అదే భాషలో అక్షరాలు వేయాలన్న ఆలోచనతో బ్రిజ్ కొఠారి 1996లో అహ్మదాబాద్ ఐఐఎంలో పని మొదలుపెట్టారు. కొన్నేళ్లకు అది దూరదర్శన్‌లో హిందీ సినిమా పాటల కార్యక్రమమైన చిత్రహార్ దాకా వెళ్లింది. పాట ముందే నోటికి వచ్చి ఉంటుంది గనుక కన్ను అక్షరాన్ని దానంతట అదే వెతుక్కుంటుందనీ, చదవడం అరకొరగా వచ్చినవాళ్లకు ఇది రోజూ దొరికే సాధన అవుతుందనీ ఆయన వాదన. అందులో "అరకొరగా" అన్న మాటను గట్టిగా పట్టుకోండి. అక్షరమాల అసలే రాని పిల్లకు బంతి వెనక పరిగెత్తడం సరదా మాత్రమే. ఒకటో తరగతి వాళ్లకు సగం పాట రాసి, వాళ్లకు వచ్చిన అక్షరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో బంతితో తాకించడం మంచి మొదలు. ఇంగ్లీషు వీడియోలను మానేయమని నేను అనను, వారానికి ఒకటి చాలు. అదే పాటను ఆ వారమంతా తిప్పి తిప్పి పాడించండి. రోజుకొక కొత్త వీడియో పెడితే పిల్లలు చూస్తారు, నోరు విప్పరు.

ప్రశ్న: నా చిన్నప్పుడు విశాఖలో కొన్న కార్టూన్ పాటల వీడియో క్యాసెట్ ఇప్పటికీ నా దగ్గర ఉంది, ఆడుతోంది కూడా. మా అమ్మాయి వయొలిన్ నేర్చుకుంటోంది. క్యాసెట్‌లో ఉన్న పాటా, ఫోన్‌లో దొరికిన అదే పాటా ఒకే శ్రుతిలో లేవని కనిపెట్టింది. క్యాసెట్‌ది కాస్త పైన ఉంది, కానీ పై స్వరానికీ సరిపోవడం లేదు. తన చెవిదే తప్పేమోనని అమ్మాయి దిగులు పడుతోంది. నేనేమో పాత యంత్రం అరిగిపోయిందంటున్నాను. ఎవరిది ఒప్పు?
(ఒక తండ్రి, పూల్‌బాగ్, విజయనగరం)

జవాబు: అమ్మాయిది ఒప్పు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊళ్లో ఈ ఉత్తరం రావడం చూసి నాకు చాలా ముచ్చట వేసింది.

సినిమా ఫిల్మ్‌ను సెకనుకు 24 బొమ్మల చొప్పున తీస్తారు, పాత కార్టూన్లు కూడా అంతే. క్యాసెట్ల రోజుల్లో మన టెలివిజన్ పద్ధతి పేరు పాల్. అది సెకనుకు 25 బొమ్మలు చూపేది, ఎందుకంటే మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అమెరికాలో కరెంటు 60 సార్లు ఊగుతుంది గనుక వాళ్ల ఎన్‌టీఎస్‌సీ పద్ధతికి సుమారు 30 బొమ్మలు కావలసి వచ్చేవి. వాళ్లు 24ను 30 చేయడానికి కొన్ని బొమ్మలను తిరిగి తిరిగి చూపేవారు, కాబట్టి పాట వేగం మారేది కాదు. పాల్ దేశాల్లో మాత్రం, ఒక్క బొమ్మ తేడాయే కదా అని, ఫిల్మ్‌నే కాస్త వేగంగా తిప్పి టేపుకు ఎక్కించేవారు. 25 నిమిషాల చిత్రం 24 నిమిషాల్లో అయిపోయేది. కంటికి తేడా తెలియదు, చెవికి తెలుస్తుంది. వేగం పెరిగితే శ్రుతి కూడా పెరుగుతుంది. ఆ పెరుగుదల ఒక స్వరస్థానం మొత్తం, అంటే హార్మోనియం మీద పక్క మెట్టు దాకా, కాదు, అందులో సుమారు ఏడు పదోవంతులు. ఫోన్‌లోని పాట ఒకటి శ్రుతిలో ఉందనుకుంటే, క్యాసెట్‌లోనిది ఒకటికీ దాని పై మెట్టయిన ఒకటిన్నరకూ మధ్య, ఒకటిన్నర వైపు ఒరిగి ఉంటుంది. హార్మోనియం మీద ఆ చోట మెట్టు లేదు. అందుకే అమ్మాయికి అది ఏ స్వరానికీ అందలేదు.

మీ మాట కూడా పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. యంత్రంలో బెల్టు సాగితే శ్రుతి జారుతుంది, కానీ అప్పుడు ఒక్క చోట నిలవకుండా ఊగుతుంది. తేల్చుకోవడానికి గడియారం చాలు. ఫోన్‌లో ఆ పాట 2 నిమిషాల 5 సెకన్లు ఉంటే, క్యాసెట్‌లో కచ్చితంగా 2 నిమిషాలకు ముగియాలి. ఏ పాటకైనా ఈ నిష్పత్తే వస్తే తేడా టేపుకు ఎక్కించిన నాడే వచ్చిందన్నమాట. అమ్మాయి ఆ క్యాసెట్‌తో కలిసి వాయించాలనుకుంటే తంతులను దానికి తగ్గట్టు సవరించుకోవచ్చు, లేదా పాటను కంప్యూటరులోకి ఎక్కించి వేగాన్ని వందకు నాలుగు వంతులు తగ్గించుకోవచ్చు. నేనైతే తంతులు సవరించుకోమంటాను. పాడేవాడి శ్రుతికి వయొలిన్ వంగడం మన పద్ధతే కదా.

ప్రశ్న: అమెరికా నుంచి మా బావగారు తెచ్చిన ఇలాంటి క్యాసెట్లు నాలుగు ఉన్నాయి. తిత్లీ తుపానులో బీరువాలోకి నీళ్లు వచ్చాయి. ఇప్పుడు టేపు చుట్ట అంచున తెల్లగా పొడిలా కనిపిస్తోంది. ఎండలో పెట్టి ఆడించి చూడవచ్చునా?
(కవిటి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: రెండూ వద్దు. ఆ తెల్లది బూజు. ఆడిస్తే టేపు మీద గీతలు పడటమే కాక, యంత్రం తలకు బూజు అంటుకొని తరువాత పెట్టే మంచి క్యాసెట్లకు కూడా పాకుతుంది. ఎండలో పెడితే టేపు వంకరపోతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు కొన్నాళ్లు ఉంచి తడి లాగేయనివ్వండి. ఆ తరువాత టేపు శుభ్రం చేయడం తెలిసిన వీడియో స్టూడియో వాళ్లకు ఇచ్చి, ఒక్కసారి మాత్రమే ఆడించి కంప్యూటరులోకి ఎక్కించమనండి. అవి అమెరికావి గనుక ఎన్‌టీఎస్‌సీ టేపులై ఉంటాయి. మన పాత వీసీఆర్‌లలో చాలా వాటిలో ఆ బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది, లేదా పైకీ కిందికీ దొర్లిపోతుంది. అది టేపు లోపం అనుకొని పారేసినవాళ్లను నేను చూశాను. రెండు పద్ధతులూ ఆడించగల యంత్రం వాళ్ల దగ్గర ఉందో లేదో ముందే అడగండి. వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది, కాబట్టి ఈ పని వాయిదా వేసేకొద్దీ ఆడించే యంత్రమే దొరకదు. బాగున్న క్యాసెట్లను పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టి, నేలకు ఎత్తుగా ఉన్న అలమారలో దాచుకోండి.

ప్రశ్న: డొనాల్డ్ డక్ పాడితే ఒక్క ముక్కా అర్థం కాదు. ఆ గొంతు మిషనుతో చేస్తారా? బడి వార్షికోత్సవంలో నేను అలా పాడాలనుకుంటున్నాను.
(ఆరో తరగతి విద్యార్థి, బొబ్బిలి)

జవాబు: చిరంజీవీ, మిషను కాదు, మనిషే. 1934లో ఆ బాతు మొదటిసారి తెర మీదికి వచ్చినప్పటి నుంచి 1985లో తాను చనిపోయే దాకా క్లారెన్స్ నాష్ అనే ఆయనే దానికి గొంతు ఇచ్చాడు. మేకపిల్ల పద్యం చదివితే ఎలా ఉంటుందో అనుకరించబోతే ఆయనకు ఆ గొంతు పట్టుబడింది. మనం మాట్లాడేటప్పుడు గాలి గొంతులోని తంతువులను కదిలిస్తుంది. బాతు గొంతుకు మాత్రం గాలిని ఒక పక్క బుగ్గలో నింపి, దవడకూ బుగ్గకూ మధ్య నుంచి పిండుతూ, నాలుకతో మాటను మలచాలి. గొంతుతో బలవంతంగా బొంగురుగా అరిస్తే అది బాతు గొంతు కాదు, మరునాటికి నీ గొంతు కూడా ఉండదు. రోజుకు అయిదు నిమిషాలు సాధన చెయ్యి, నొప్పి అనిపిస్తే వెంటనే ఆపెయ్యి. ఇక అర్థం కాకపోవడం సంగతి. ఎంత బాగా చేసినా ఆ గొంతులో సగం మాటలు తెలియవు. నీ పాటను పెద్ద చార్టు మీద రాసి వేదిక మీద నిలబెట్టించు. టెక్కలి టీచరు గారికి పైన చెప్పిన బంతి కర్రను నీ స్నేహితుడి చేతికి ఇచ్చి, నువ్వు పాడుతున్నంత సేపూ అక్షరాల మీద ఆడించమను. వాడితో కనీసం నాలుగుసార్లు ముందుగా పాడి చూసుకో.